నల్లరాతి గోడల మధ్య చుక్కల బడి

పుణె విశ్వవిద్యాలయ ఆవరణలోని ఐయూకా మూడున్నర దశాబ్దాలుగా ఒకే మాట చెబుతోంది. టెలిస్కోపు కన్నా ముందు కావలసింది దాని చుట్టూ మనుషులు.

పుణె నగరానికి వాయవ్యాన గణేశ్‌ఖిండ్. ఒకప్పుడు బొంబాయి గవర్నర్లు వానాకాలం గడిపేందుకు కట్టించుకున్న భవనం ఇప్పుడు సావిత్రీబాయి ఫూలే పుణె విశ్వవిద్యాలయానికి ప్రధాన కార్యాలయం. చుట్టూ ఊడలు దిగిన మర్రిచెట్లు, నీడ పరిచిన రోడ్లు, సైకిళ్ల మీద విద్యార్థులు. ఆ పచ్చదనం దాటి లోపలికి వెళితే ఒకచోట దారి పక్కన నల్లటి రాతి గోడలు మొదలవుతాయి. ఏ కోటో, గుడో అనుకునేవాళ్లు ఉంటారు. అది ఖగోళశాస్త్ర కేంద్రం. పూర్తి పేరు ఖగోళశాస్త్ర, ఖగోళ భౌతికశాస్త్ర అంతర్ విశ్వవిద్యాలయ కేంద్రం. అంత పొడుగు పేరు ఎవరూ వాడరు. ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపి ‘ఐయూకా’ అంటారు.

ఆ గోడల్లో తెలుగువాళ్లకు తెలిసిన రాయి ఒకటుంది. వాస్తుశిల్పి చార్లెస్ కొరియా కింద దక్కను నేల ఇచ్చే బసాల్టు రాయి పెట్టారు. దాని మీద అంతకన్నా నల్లనిది, కడప రాయి. అన్నిటికీ పైన అద్దంలా మెరిసే నల్ల గ్రానైటు. నలుపు మీద నలుపు, దాని మీద మరో నలుపు. అంతరిక్షపు లోతును గోడలోనే చూపించాలని ఆయన ఉద్దేశం. మన ఇళ్లలో వంటగట్టుకూ, వసారా నేలకూ వేసే బండ ఇక్కడ విశ్వానికి గుర్తుగా నిలబడింది.

కుండ్ చుట్టూ కొలువు

గోడలు దాటి లోపలికి వెళితే నడిమధ్యన మెట్లతో దిగే పెద్ద ముంగిలి. పాత ఆలయాల కోనేటి మెట్లు గుర్తొస్తాయి, నీళ్లు మాత్రం ఉండవు. దీన్ని ‘కుండ్’ అంటారు. నాలుగు మూలలా నలుగురు ఉన్నారు: ఆర్యభట, గెలీలియో, న్యూటన్, ఐన్‌స్టీన్. మిగతా ముగ్గురికీ బొమ్మలో, ఫొటోలో ఉన్నాయి కాబట్టి శిల్పికి ఆధారం దొరికింది. ఆర్యభట ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు, అది పూర్తిగా ఊహే. బడిపిల్లలు మాత్రం ఆ తేడా పట్టించుకోరు. నలుగురి పక్కనా నిలబడి ఫొటోలు దిగుతారు.

ఇక్కడ అలంకారంగా కనిపించేదల్లా ఏదో ఒక పాఠమే. కాలిబాట మీద పరిచిన త్రికోణాల్లో చిన్న త్రికోణాలు, వాటిలో ఇంకా చిన్నవి సియర్‌పిన్‌స్కీ అనే గణితవేత్త పేరు మీద ప్రసిద్ధమైన ఆకృతి. పొడవాటి తీగకు వేలాడే ఫూకో లోలకం భూమి తిరుగుతోందని ఊగి ఊగి చెబుతుంది. ధ్రువం దగ్గరైతే దాని ఊగుడు దిశ ఒక్క రోజులో పూర్తిగా చుట్టి వస్తుంది. పుణె అక్షాంశంలో దాదాపు 75 గంటలు పడుతుంది, హైదరాబాద్‌లో పెడితే ఇంకొంచెం ఎక్కువ. భూమధ్యరేఖ మీద అసలు తిరగనే తిరగదు. ఈ లెక్క ఒక్కటి అర్థమైతే సగం భూగోళం అర్థమైనట్టే. నివాస సముదాయాలకు ఆకాశగంగ, నలంద, తక్షశిల అని పేర్లు. పాత విశ్వవిద్యాలయాల పేర్లు ఎందుకు పెట్టారో తెలియాలంటే ఈ కేంద్రం పుట్టిన కథలోకి వెళ్లాలి.

యశ్‌పాల్ బెంగ

స్వాతంత్ర్యం తరవాత దేశంలో పరిశోధనంతా విశ్వవిద్యాలయాల బయట పెరిగింది. అణుశక్తి, అంతరిక్షం, రక్షణ, పారిశ్రామిక పరిశోధన దేనికది సంస్థలు కట్టుకున్నాయి. డబ్బు, పరికరాలు, పేరున్న శాస్త్రవేత్తలు అటు వెళ్లారు. పిల్లలు మాత్రం విశ్వవిద్యాలయాల్లోనే మిగిలారు. అంటే పరిశోధించేవాళ్లు పాఠం చెప్పరు, పాఠం చెప్పేవాళ్లకు పరిశోధించే వీలు లేదు. 1986లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షుడైన భౌతికశాస్త్రవేత్త యశ్‌పాల్‌ను వేధించింది ఈ చీలికే.

ప్రతి విశ్వవిద్యాలయానికీ పెద్ద టెలిస్కోపు, పెద్ద గ్రంథాలయం, పెద్ద కంప్యూటరు కొనిపెట్టే స్తోమత ఎవరికీ లేదు. అందరికీ కలిపి ఒకచోట పెట్టి, అందరినీ అక్కడికి రానిస్తే? దేశంలో తొలి అంతర్ విశ్వవిద్యాలయ కేంద్రం ఢిల్లీలో అణుభౌతికశాస్త్రం కోసం వచ్చింది. అదే దారిలో ఖగోళశాస్త్రానికి పుణెను ఎంచుకున్నారు. టాటా సంస్థకు చెందిన రేడియో ఖగోళ కేంద్రం ఎన్‌సీఆర్‌ఏ కూడా అదే ఆవరణలో కొలువుతీరుతుండటం కలిసొచ్చింది. పుణెకు ఉత్తరాన ఖోడద్ గ్రామం దగ్గర ఒక్కొక్కటీ 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లతో భారీ రేడియో టెలిస్కోపును కట్టింది ఆ కేంద్రమే.

బాధ్యత జయంత్ విష్ణు నార్లీకర్‌కు అప్పగించారు. కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హోయల్ శిష్యుడు, 26 ఏళ్లకే పద్మభూషణ్ అందుకున్నవాడు, ముంబైలోని టాటా పరిశోధన సంస్థలో స్థిరపడినవాడు. ఆ సౌఖ్యం వదిలి పుణె వచ్చారు. వెంట నరేశ్ దధీచ్, అజిత్ కెంభావి నిలిచారు. 1988 డిసెంబరు 29న పునాది రాయి పడింది. నాలుగేళ్ల తరవాత, 1992 డిసెంబరు 28న కేంద్రాన్ని జాతికి అంకితం చేసిన సభలో ప్రసంగించింది నోబెల్ గ్రహీత సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయన ఎంచుకున్న విషయం ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో మళ్లీ మళ్లీ గీసిన బొమ్మలు, వాటికీ సాధారణ సాపేక్షతకూ ఉన్న పోలిక. తారల కేంద్రం తొలి పాఠం ఒక చిత్రకారుడి మీద. అక్కడి ప్రధాన సభామందిరానికి ఇప్పుడు చంద్రశేఖర్ పేరే.

వచ్చేపోయే కుటుంబం

ఇక్కడ శాశ్వత ఉద్యోగంలో ఉండే శాస్త్రవేత్తలు కొద్దిమందే. కేంద్రానికి ఊపిరి వచ్చేపోయేవాళ్లతోనే. దేశంలోని విశ్వవిద్యాలయాల నుంచి, కళాశాలల నుంచి ఎంపికైన అధ్యాపకులను ‘విజిటింగ్ అసోసియేట్లు’ అంటారు. మూడేళ్ల గడువు, తరవాత పొడిగించుకోవచ్చు. సెలవుల్లో వచ్చి కొన్ని వారాలు ఉండొచ్చు. ప్రయాణం, బస, గ్రంథాలయం, కంప్యూటర్లు కేంద్రం చూసుకుంటుంది. విద్యార్థిని వెంట తెచ్చుకోవచ్చు. సెలవులయ్యాక మళ్లీ తమ ఊరికి, తమ తరగతి గదికి.

కాగితం మీద ఇది ప్రయాణ భత్యాల పథకంలా కనిపిస్తుంది. దాని విలువ తెలియాలంటే జిల్లా కేంద్రంలోని కళాశాలలో ఒక్కడే భౌతికశాస్త్ర అధ్యాపకుడి పరిస్థితి ఊహించుకోవాలి. వారానికి ఇరవై గంటల పాఠాలు, పరీక్షల డ్యూటీ, జవాబు పత్రాల కట్టలు. పీహెచ్‌డీలో నేర్చుకున్నది నెమ్మదిగా తుప్పు పడుతుంది. సందేహం వస్తే అడగడానికి పక్కగదిలో ఎవరూ ఉండరు. అలాంటి వ్యక్తికి ఏడాదిలో నెల రోజులు, భోజనాల బల్ల దగ్గరే తన విషయం మాట్లాడేవాళ్లు పదిమంది దొరికితే అది కొత్త జన్మే. ఆ బల్ల దగ్గర హోదాల పట్టింపు తక్కువ. మొదటి ఏడాది పరిశోధక విద్యార్థి ప్రొఫెసరును నిలదీయొచ్చు. సెమినారు గదిలో తేలని ప్రశ్న టీ గ్లాసుల దగ్గర తేలుతుంది. అక్కడా తేలకపోతే రాత్రి నడకలో సాగుతుంది.

పరిశోధక విద్యార్థుల చదువులోనూ పంచుకోవడమే పద్ధతి. తొలి ఏడాది పాఠాలు ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ ఉమ్మడిగా చెబుతాయి. కాంతి టెలిస్కోపువాళ్లు, రేడియో టెలిస్కోపువాళ్లు, గణితంతోనే కుస్తీ పట్టేవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. కేంద్రం కబుర్లు మోసే బులెటిన్ పేరు ‘ఖగోళ్’. రాకపోకలు, వర్క్‌షాపులు, ఉపన్యాసాలు అందులో నమోదవుతాయి. వర్క్‌షాపులన్నీ పుణెలోనే పెట్టరు. దూరపు విశ్వవిద్యాలయాలకు వెళ్లి అక్కడివాళ్లతో కలిసి నిర్వహిస్తారు. కొచ్చి, సిలిగురి, రాయపూర్, గోరఖ్‌పూర్ వంటి చోట్ల సంప్రదింపు కేంద్రాలు కూడా తెరిచారు. రాలేనివాళ్ల దగ్గరికి కేంద్రమే వెళ్లడమన్నమాట.

తొడుపుళ నుంచి సరస్వతి దాకా

ఇదంతా మర్యాదల వ్యవహారమేనా, ఫలితం ఉందా అనేవాళ్లకు 2017 జులైలో జవాబు దొరికింది. సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, 60 కోట్ల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న గెలాక్సీల మహాసమూహాన్ని గుర్తించినట్టు ఐయూకా ప్రకటించింది. పేరు ‘సరస్వతి’. విశ్వంలో మనకు తెలిసిన అతిపెద్ద నిర్మాణాల్లో అదొకటి. ప్రపంచమంతా అందుబాటులో ఉన్న స్లోన్ డిజిటల్ స్కై సర్వే సమాచారంలోనే అది దాగి ఉంది.

కనిపెట్టిన బృందంలో ఐయూకాతో పాటు పుణెలోని ఐసర్, జంషెడ్‌పూర్ ఎన్ఐటీ, తొడుపుళలోని న్యూమన్ కాలేజీ ఉన్నాయి. తొడుపుళ కేరళలోని ఇడుక్కి జిల్లాలో చిన్న పట్టణం. పరిశోధన పటంలో అలాంటి ఊళ్లు మామూలుగా కనిపించవు. మహాసమూహాన్ని కనుగొన్న పత్రంలో ఆ కళాశాల పేరు కూడా అచ్చయింది. 1988లో వేసిన పునాదికి ఇంతకన్నా సూటి సమర్థన అక్కర్లేదు.

పరికరాల తయారీలోనూ కేంద్రం వెనకబడలేదు. 2006లో పుణెకు ఉత్తరాన గిరావలి కొండ మీద రెండు మీటర్ల టెలిస్కోపు నెలకొల్పింది. సూర్యుణ్ణి అతినీలలోహిత కాంతిలో ఫొటో తీసే ‘సూట్’ పరికరాన్ని ఇస్రోతో కలిసి తయారుచేసింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆదిత్య ఎల్1లో అదొక ముఖ్య పరికరం. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని నియమిత స్థానానికి ఆ నౌక 2024 జనవరి 6న చేరుకుంది.

పెద్దాయనతో విభేదించే హక్కు

ఇక్కడి వాతావరణంలో అరుదైన సంగతి వ్యవస్థాపకుడి చుట్టూనే ఉంది. విశ్వం ఒక మహావిస్ఫోటంతో మొదలైందన్న సిద్ధాంతాన్ని నార్లీకర్ అంగీకరించలేదు. హోయల్‌తో కలిసి స్థిరస్థితి వాదం వైపు నిలిచారు. 1965లో విశ్వ నేపథ్య వికిరణం సంగతి బయటపడ్డాక శాస్త్రలోకంలో ఎక్కువమంది మహావిస్ఫోటం వైపు మళ్లారు. ఆయన మళ్లలేదు. 1993లో హోయల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి సవరించిన స్థిరస్థితి నమూనా తెచ్చారు. అయినా తాను నడిపిన సంస్థను తన వాదానికి మఠంగా మార్చలేదు. మహావిస్ఫోట నమూనా మీద, నేపథ్య వికిరణం మీద పనిచేసేవాళ్లు ఆయన పక్క గదుల్లోనే పనిచేశారు, పేరు తెచ్చుకున్నారు. గురుత్వాకర్షణ మీద కొత్త దారిలో ఆలోచించిన తాణు పద్మనాభన్ లాంటివాళ్లు అక్కడే ఎదిగారు. మన విశ్వవిద్యాలయాల్లో శాఖాధిపతి అభిప్రాయమే శాఖ అభిప్రాయంగా చెలామణీ అయ్యే చోట్లు గుర్తుకు తెచ్చుకుంటే దీని బరువు తెలుస్తుంది.

ఎవరూ నమ్మనంత వింత ప్రశ్నను కూడా పరీక్షకు పెట్టవచ్చన్నది అక్కడి మరో అలవాటు. సూక్ష్మజీవులు అంతరిక్షం నుంచి భూమికి రాలుతున్నాయా? హోయల్ ఊహ ఇది. తేల్చాలంటే ఖగోళశాస్త్రం ఒక్కటే చాలదు. హైదరాబాద్‌లోని టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి 2001లో ఒకసారి, 2005 ఏప్రిల్‌లో మరోసారి భారీ బెలూన్లు ఎగిరాయి. రెండోసారి 459 కిలోల పరికరాల్లో 16 శుద్ధిచేసిన ఉక్కు గొట్టాలు పెట్టి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టుకొచ్చారు. ఇస్రో నిధులిచ్చింది. గాలిలో ఏముందో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణె విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఉన్న జీవకణ పరిశోధన కేంద్రం విడివిడిగా పరిశీలించాయి.

2009లో వెల్లడైన ఫలితం ప్రకారం మూడు బ్యాక్టీరియా జాతులు అంతకుముందు ఎరగనివి. ఒకదానికి హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఆర్యభట పేరు పెట్టారు. అవి అంతరిక్షం నుంచి వచ్చాయని మాత్రం చెప్పలేదు. ఈ ప్రయోగం ఆ సంగతి తేల్చలేదని ప్రకటనలోనే రాశారు. ఇష్టమైన ఊహకు ఆధారం సరిపోనప్పుడు సరిపోలేదని చెప్పడం కూడా పరిశోధనే.

శనివారం పిల్లలది

ప్రతి నెలా రెండో శనివారం చంద్రశేఖర్ సభామందిరం పెద్దల చేతిలోంచి జారిపోతుంది. పుణెలోని పాఠశాలల నుంచి పిల్లలు బారులు తీరి వస్తారు. ఒక శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చూపిస్తూ మాట్లాడతారు. ఒకసారి ఇంగ్లీషులో, మరోసారి మరాఠీలోనో హిందీలోనో. తరవాత ప్రశ్నలు. అసలు సందడి అప్పుడే. కాంతిని కూడా మింగే కృష్ణబిలాన్ని మనం ఎలా చూడగలమని ఎనిమిదో తరగతి పిల్ల అడిగితే తల గోక్కోవడం వక్త వంతు.

వేసవిలో మరో ఏర్పాటు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను చిన్న జట్లుగా చేసి వారం పాటు ఒక్కో శాస్త్రవేత్తకు అప్పగిస్తారు. సిలబస్ లేదు, పరీక్ష లేదు, మార్కులు అసలే లేవు. ఆ వారం ఏం చేయాలో శాస్త్రవేత్తా పిల్లలూ కలిసి తేల్చుకుంటారు. ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం వస్తే తలుపులు ఊరందరికీ బార్లా తెరుస్తారు. ఉద్యోగులు, రిక్షావాళ్లు, అవ్వలు, చంకన పిల్లలతో తల్లులు వేల సంఖ్యలో వస్తారు. పరిశోధక విద్యార్థులు బల్లల దగ్గర నిలబడి గొంతు పోయేదాకా వివరిస్తారు. చీకటి పడ్డాక టెలిస్కోపుల ముందు వరస. శని గ్రహపు వలయాన్ని మొదటిసారి చూసిన మనిషి ముఖం చూస్తే పగలంతా పడ్డ శ్రమ మరిచిపోవచ్చు.

ఆవరణలోనే పిల్లల కోసం ‘ముక్తాంగణ్’ విజ్ఞాన శోధిక ఉంది. ఆ భవనం పేరు పులస్త్య. సప్తర్షి మండలంలో ఒక నక్షత్రం పేరు అది. మరాఠీలందరూ ‘పు.ల.’ అని ముద్దుగా పిలుచుకునే హాస్య రచయిత పురుషోత్తం లక్ష్మణ్ దేశ్‌పాండే పేరు కూడా అందులో వినిపిస్తుంది. భవనానికి డబ్బు వచ్చింది ఆ రచయిత కుటుంబం నెలకొల్పిన ఫౌండేషన్ నుంచి. నవ్వించిన పుస్తకాల డబ్బు పిల్లల ప్రయోగశాలగా మారింది.

అక్కడ 2003 నుంచి 2014 దాకా అరవింద్ గుప్తా పనిచేశారు. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి, లారీల కంపెనీ ఉద్యోగం వదిలి, 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమంలో దారి వెతుక్కున్న మనిషి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో జ్యామితి నేర్పారు. పాత చెప్పులు, ఖాళీ సీసాలు, పారేసిన స్ట్రాలు ఆయన చేతిలో మోటార్లు, పంపులు, పిల్లనగ్రోవులు అయ్యేవి. ఆ బొమ్మల పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి, ప్రభుత్వ పాఠశాలల మాస్టర్లకు బాగా పనికొచ్చాయి. కోట్ల రూపాయల పరికరాల మీద పనిచేసే శాస్త్రవేత్తల పక్కన, చెత్తబుట్టలోంచి సైన్సు తీసే మనిషికీ గది ఇచ్చిన కేంద్రం ఇది. 2018లో ఆయనకు పద్మశ్రీ దక్కింది.

ఆటోగ్రాఫు కోసం ఎగబడే పిల్లలకు నార్లీకర్ ఒక షరతు పెట్టేవారు. సంతకం కావాలంటే పోస్టుకార్డు మీద ఒక సైన్సు ప్రశ్న రాసి పంపాలి. జవాబు రాసి కింద సంతకం చేసి పంపేవారు. సంతకం ఊరికే రాదు, ప్రశ్నకు బదులుగా వస్తుందని పిల్లలు గ్రహించారు.

జాతకాల పరీక్ష

ఆకాశాన్ని చదివే కేంద్రానికి జ్యోతిషంతో తలపడక తప్పలేదు. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని కోర్సుగా పెట్టాలని యూజీసీ నిర్ణయించింది. ఐయూకాకు నిధులిచ్చేది అదే యూజీసీ. అయినా నార్లీకర్ మౌనంగా ఉండలేదు, అది వేదాల నుంచి వచ్చిందీ కాదు, విజ్ఞానమూ కాదని పత్రికల్లో రాశారు. హైదరాబాద్‌లో సీసీఎంబీని స్థాపించిన పుష్పమిత్ర భార్గవ న్యాయస్థానానికి వెళ్లారు. 2004లో సుప్రీంకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది.

వాదన కోర్టులో ఓడింది. ప్రయోగానికి మాత్రం దారి తెరిచే ఉంది. నార్లీకర్, మహారాష్ట్ర అంధశ్రద్ధ నిర్మూలన సమితి నాయకుడు నరేంద్ర దాభోల్కర్, మరికొందరు కలిసి 200 మంది పిల్లల జనన వివరాలు సేకరించారు. సగం మంది చురుకైన విద్యార్థులు, సగం మంది మానసిక వైకల్యం ఉన్నవాళ్లు. ఏ జాతకం ఎవరిదో జాతకం చూసి చెప్పాలని జ్యోతిషులను కోరారు. ఒక్కొక్కరికీ 40 జాతకాలు పంపితే 27 మంది జవాబులు పంపారు. సరైనవి సగటున 46 శాతం. మొత్తం 200 తీసుకున్న ఒక సంస్థ 102 సరిగా చెప్పింది. నాణెం ఎగరేసినా అటూ ఇటూగా అంతే వస్తుంది. 2009లో ఫలితాలు ‘కరెంట్ సైన్స్’ పత్రికలో అచ్చయ్యాయి. జ్యోతిషులను ఎగతాళి చేయకుండా, వాళ్ల మాటనే వాళ్ల ముందు పెట్టి లెక్కించిన పద్ధతి అది. అయితే లెక్కలకు లొంగని కోపాలు కూడా సమాజంలో ఉంటాయి. 2013 ఆగస్టు 20న పుణెలోనే, ఉదయపు నడకకు వెళ్లిన దాభోల్కర్‌ను కాల్చి చంపారు. ప్రశ్న అడగడం ఎంత ఖరీదైన పనో ఆ ఊరికి తెలిసింది.

రంగాపూర్ నేర్పే పాఠం

ఐయూకా కథ తెలుగువాళ్లకు మరోలా కూడా వినిపించాలి. ఖగోళశాస్త్రంలో హైదరాబాద్ పుణె కన్నా ఎంతో ముందుంది. నిజామియా వేధశాల ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. హైదరాబాద్‌కు దూరంగా జపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య గుట్ట మీద 1968లో 48 అంగుళాల టెలిస్కోపు అమర్చారు. అప్పట్లో ఒక భారతీయ విశ్వవిద్యాలయం చేతిలో అంత పెద్ద పరికరం ఉండటం గొప్ప. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. అనేకమంది ఖగోళశాస్త్రవేత్తలు అక్కడ చేయి తిప్పుకున్నారు.

తరవాత పరికరం పాతబడింది. నగరపు వెలుతురు గుట్ట వైపు పాకింది. పరిశీలనలు పలచబడ్డాయి. రంగాపూర్‌లో టెలిస్కోపు ముందు వచ్చింది. దాన్ని తరాల తరబడి వాడుకునే, బాగుచేసుకునే, దాని మీద పోట్లాడుకునే గుంపు క్రమంగా కరిగిపోయింది. పుణెలో గుంపు ముందు చేరింది, సొంత టెలిస్కోపు పద్దెనిమిదేళ్ల తరవాత గానీ రాలేదు. ఆ వరసే తేడా తెచ్చింది. ఇప్పుడు ఏ రాష్ట్రంలోనైనా ఉత్కర్ష కేంద్రం కడతామని శంకుస్థాపనలు చేసేవాళ్లు భవనం, పరికరం, బోర్డు గురించి మాట్లాడతారు. భోజనాల బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటారో మాట్లాడేవాళ్లు తక్కువ.

పెద్దలు వెళ్లిపోయాక

యశ్‌పాల్ 2017లో కన్నుమూశారు. పద్మనాభన్ 2021లో, నార్లీకర్ 2025 మే 20న పుణెలో, దధీచ్ అదే ఏడాది నవంబరులో వెళ్లిపోయారు. తొలితరంలో ముఖ్యులు లేని ఐయూకా ఇప్పుడు మొదటిసారి తన కాళ్ల మీద నిలబడాలి. అవసరం కూడా మారింది. 1988లో గ్రంథాలయం కోసం పుణె రావలసిన అధ్యాపకుడికి ఇప్పుడు పత్రాలన్నీ చేతిలోని ఫోనులోనే దొరుకుతాయి. టెలిస్కోపుల సమాచారం ఇంట్లో కూర్చుని దించుకోవచ్చు. మరి రైలెక్కి రావడం ఎందుకు?

దించుకోలేనిది ఒకటుంది. తప్పు లెక్కను పక్కనున్నవాడు పట్టుకోవడం, పిల్లవాడి ప్రశ్నకు ప్రొఫెసరు తెలియదని ఒప్పుకోవడం, పెద్దాయన సిద్ధాంతాన్ని ఆయన సంస్థలోనే కాదనడం, సాయంత్రం అందరూ కలిసి భోంచేయడం. ఇవన్నీ అలవాట్లు. అలవాటు పుస్తకంలో ఉండదు, మనిషి నుంచి మనిషికి అంటుకుంటుంది. కొడిగడితే మళ్లీ వెలిగించడం కష్టమని రంగాపూర్ గుట్ట చూసినవాళ్లకు తెలుసు.

ప్రస్తుతానికి పుణెలో దీపం వెలుగుతూనే ఉంది. వేసవి సెలవులు మొదలైతే ఎక్కడెక్కడి కళాశాలల నుంచో అధ్యాపకులు పెట్టెలతో దిగుతారు. నార్లీకర్‌కు ఉత్తరాలు రాసిన పిల్లల్లో కొందరు ఈపాటికి తామే పాఠాలు చెబుతూ ఉంటారు. వాళ్ల తరగతిలో చెయ్యెత్తిన పిల్లకు ఎలాంటి జవాబు దొరుకుతుందన్నదే ఈ కేంద్రం రాసే అసలు పరీక్ష.